మెయిన్ ఆపింది ఎవరు?

పది గంటల ఇరవై రెండు నిమిషాలకు రాగసుధ మెట్ల కింద వంగి మెయిన్ స్విచ్ పిడిని కిందికి లాగింది. పిడి మెత్తగానే దిగింది. వంటింట్లో ఫ్రిజ్ రొద ఆగిపోయింది. హాల్లో ఫ్యాను నాలుగు చుట్లు తిరిగి నిలబడింది.

ఆ మాత్రానికి కరెంటు పోయిందని ఆమె ఎప్పుడూ నమ్మదు. హాల్లోకి వచ్చి ఇంటి స్విచ్‌లన్నీ ఉండే గోడమీది డీబీ బాక్స్ మూత తీసింది. సంచిలోంచి వోల్టేజీ మీటర్ తీసి, అది సరిగ్గా చూపిస్తోందో లేదో ముందు ఒక చిన్న బ్యాటరీ పెట్టె మీద పెట్టి చూసుకుంది. తర్వాత ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య పెట్టింది. సున్నా. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య. సున్నా. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య. అదీ సున్నానే. మూడింటికీ ఫొటోలు తీసి సీఐ అనీస్‌కి వాట్సాప్‌లో పంపింది. పది ఇరవై ఆరు. వెళ్ళి మెయిన్ మళ్ళీ పైకెత్తింది.

ఆ ఇల్లు బ్రాడీపేటలో శ్యామలాంబ టీచరు గారిది. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై, ఒంటరిగా ఉంటున్న మనిషి. పదిరోజుల క్రితం, గురువారం పొద్దున ఆరు కాకముందే, బాత్‌రూములో గీజరు నీళ్ళ కుళాయి పట్టుకుని షాక్ కొట్టి చనిపోయింది. గీజరు బిగించినవాడూ, డీబీలో ట్రిప్ స్విచ్ పెట్టినవాడూ కోటేష్ అనే ఎలక్ట్రీషియన్. కరెంటు పక్కదారి పడితే కన్ను మూసి తెరిచేలోగా లైను తెంచేయాల్సింది ఆ ట్రిప్ స్విచ్చే. అది పనిచేయలేదనీ, చెడిపోయినదాన్ని బిగించాడనీ ఇలాంటి కేసుల్లో పోలీసులు పిలిచే ఇంజినీరు శేషాచలం రిపోర్టు ఇచ్చాడు. కోటేష్ రిమాండులో ఉన్నాడు. సోమవారం బెయిలు విచారణ.

కరెంటు ప్రమాదాల కేసులు చూసే ప్రైవేటు డిటెక్టివ్ రాగసుధని వెతుక్కుంటూ వచ్చింది కోటేష్ భార్య మాధురి. కూర్చోమన్నా కూర్చోలేదు. "మా ఇంట్లో బల్బు మార్చాలన్నా మెయిన్ ఆపకుండా ముట్టుకోనిచ్చేవాడు కాదండీ. అట్టాంటోడు ఒకళ్ళ ప్రాణం మీదికి తెస్తాడా? మీరు చూసి తప్పు మా ఆయనదేనంటే ఇంకెవరి కాళ్ళూ పట్టుకోను," అంది.

సీఐ అనీస్ మాత్రం తక్కువ మాటల్లోనే చెప్పాడు. "పన్నెండు దాకా చూసుకోండి మేడమ్. మూత తీసి చూడొచ్చు. లోపలిది ఏదీ ఊడదీయొద్దు. పన్నెండింటికి శేషాచలం గారిని తీసుకుని నేనే వస్తాను."

రాగసుధ ట్రిప్ స్విచ్ మీదున్న టెస్ట్ బటన్ నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. లైటు వెలుగుతూనే ఉంది. టెస్టింగ్ యంత్రం తగిలించి ముప్పై మిల్లీ ఆంపియర్ల లీకేజీ పంపింది. సెకనులో మూడోవంతు కూడా పట్టకుండా పడిపోవాల్సిన పిడి కదల్లేదు. అరవై పంపింది. నూట యాభై పంపింది. స్విచ్ రాయిలా కూర్చుంది.

అంటే శేషాచలం రాసిందాంట్లో ఆ ఒక్క మాట నిజం. ట్రిప్ స్విచ్ చచ్చిపోయి ఉంది. ఆమె నోట్‌బుక్‌లో అలాగే రాసుకుంది. తనకి గిట్టని నిజమైనా రాసుకోవడం ఆమెకు అలవాటు. ఆ అలవాటు వల్లే శేషాచలం నడిపే సేఫ్టీ తనిఖీ కంపెనీలో ఆరేళ్ళు చేసిన ఉద్యోగం పోయింది. చూడని బిల్డింగుకి చూసినట్టు సంతకం పెట్టమన్నాడు, ఆమె పెట్టలేదు.

తర్వాత టార్చి వేసి స్క్రూలు చూసింది.

నిన్న సబ్‌జైల్లో కోటేష్‌ని ఆమె ఎక్కువ ప్రశ్నలు అడగలేదు. పని ఎలా చేస్తావో చెప్పమంది, అంతే. "స్క్రూ బిగించినాక దాని తల మీద ఒక గీత గీస్తానండి. మా మాధురి గోళ్ళరంగు, గులాబీది. మళ్ళా వచ్చినప్పుడు గీత పక్కకి జరిగుంటే స్క్రూ వదులైందని తెలుస్తది," అన్నాడతను. "ఆ ఇంట్లో కూడా గీశావా?" అంటే, "గీయకుండా ఏ ఇంట్లోంచీ బయటికి రానండి," అన్నాడు.

డీబీలో ఎనిమిది చిన్న స్విచ్‌లున్నాయి. ఎనిమిదింటి స్క్రూల మీదా సన్నటి గులాబీ గీతలున్నాయి. ఎర్త్ పట్టీ మీద కూడా ఉన్నాయి. ట్రిప్ స్విచ్‌కి నాలుగు స్క్రూలు. నాలుగూ బోసిగా ఉన్నాయి.

రాగసుధ బాత్‌రూములోకి వెళ్ళింది. గీజరు స్విచ్ పలక మీద అడ్డంగా రెండు జిగురు చారలు. వేలు పెడితే ఇంకా అంటుకుంటున్నాయి. అదీ కోటేష్ చెప్పిన మాటకి సరిపోయింది. గీజరు వేసినప్పుడల్లా ట్రిప్ స్విచ్ పడిపోతోందని టీచరు గారు సోమవారం సాయంత్రం పిలిస్తే, లోపల కాయిల్ పాడైందని చూసి, స్విచ్ ఆపి దాని మీద టేపు అంటించాడట. శుక్రవారం కొత్త కాయిల్ తెచ్చి వేస్తాను, అప్పటిదాకా ముట్టుకోవద్దు అని చెప్పాడట. మంగళవారం నుంచి గురువారం దాకా అతను మార్టూరులో ఒక గ్రానైటు పాలిషింగ్ యూనిట్‌లో ప్యానెల్ పనిలో ఉన్నాడు. లోపలికి వెళ్ళిన టైమూ, బయటికొచ్చిన టైమూ గేటు పుస్తకంలో ఉన్నాయి. మధ్యలో మార్టూరు నుంచి గుంటూరు వచ్చి పోయేంత ఖాళీ ఎక్కడా లేదు.

పోలీసులు గురువారం తీసిన ఫొటోల్లో ఆ టేపు లేదు.

టీచరు గారి బల్ల సొరుగులో రాగసుధకు కలెక్టరుకి పెట్టిన ఒక అర్జీ నకలు దొరికింది. రిటైరయ్యాక ఆవిడ కొన్నాళ్ళు ఒక ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా ఉంది. పోయిన ఆగస్టులో అక్కడ జహీరున్నీసా అనే ఇంటర్ పిల్ల వాటర్ హీటర్ షాక్ కొట్టి చనిపోయింది. ఎవరూ వచ్చి చూడకముందే హాస్టల్ రిజిస్టరులో బి-3, బి-4 అని రాసి ఉన్న రెండు ట్రిప్ స్విచ్‌లు ఆ పిల్ల గది బోర్డులోంచి మాయమయ్యాయనీ, హాస్టలుకి ఇచ్చిన సేఫ్టీ సర్టిఫికెట్ అబద్ధమనీ, ఆ సర్టిఫికెట్ ఎవరిచ్చారో యాజమాన్యం చూపించడం లేదనీ అర్జీలో ఉంది. కింద రెండు సంతకాలు. ఒకటి శ్యామలాంబది. రెండోది ఆ పిల్ల తల్లి నసీమున్నీసాది, వేటపాలెం. పక్కన ఫోన్ నంబరు.

రాగసుధ దాన్ని మడిచి నోట్‌బుక్‌లో పెట్టుకుంటుండగా పెరటి తలుపు చప్పుడైంది.

"ఇందాక కరెంటు తీసింది మీరేనా అమ్మా? నా మిషను ఆగిపోయింది," అంటూ ఒక నడివయసు మనిషి గుమ్మంలో నిలబడింది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. పెరట్లో ఉన్న గదిలో కుట్టుపని చేసుకునే మౌలాబీ.

"నేనేనండి. మీ గదికి కూడా ఈ మెయిన్ నుంచేనా కరెంటు?"

"అవునమ్మా. టీచరమ్మ వేరే మీటరు పెట్టించుకోమనలేదు. ఇద్దరమేగా, ఎందుకూ అనేది."

"ఇలా మీ ఒక్కరికే కరెంటు పోవడం ఈమధ్య ఎప్పుడైనా జరిగిందా?"

మౌలాబీ ఆలోచించలేదు. "జరిగింది. మొన్న బుధవారం కాదు, అవతల బుధవారం. టీచరమ్మ పోయే ముందు రోజు. పెళ్ళివాళ్ళ జాకెట్లు కుడతన్నా. సందులో అందరికీ కరెంటుంది, నాకు లేదు."

"ఎంతసేపు?"

"బాగా సేపే. వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. కరెంటు లేదని మెసేజి పెట్టా."

"వాట్సాప్‌లోనా? ఆ మెసేజి ఉందా?"

మౌలాబీ ఫోన్ తెచ్చింది. బుధవారం పది నలభై రెండుకి ఒక వాయిస్ మెసేజి. రాగసుధ నొక్కింది. 'కరెంటు లేదమ్మా, సాయంత్రానికి ఇస్తా జాకెట్టు.' దాని కింద పదకొండు ముప్పై ఒకటికి ఇంకోటి. 'వచ్చింది వచ్చింది, కుడతన్నా.'

నలభై తొమ్మిది నిమిషాలు. రాగసుధ రెండు టైములూ రాసుకుంది.

"ఆ టైములో ఎవరైనా వచ్చారా ఇంటికి?"

"గేటు చప్పుడైంది. 'రండి సార్, ముందు కాఫీ తాగండి' అని టీచరమ్మ అనడం వినపడింది. మనిషిని నేను చూళ్ళేదు, నా వాకిలి వెనక సందు వైపుగా."

"తర్వాత ఆవిడ మీతో ఏమైనా అన్నారా?"

"మధ్యాహ్నం పచ్చడి ఇవ్వటానికొచ్చి చెప్పింది. ఎవరో పెద్దాయనంట. ఇళ్ళల్లో వైరింగు ఊరికే చూసిపెడుతున్నాడంట. రూపాయి తీసుకోలేదంట. 'గీజరు వేస్తే ఇప్పుడు పడిపోవట్లేదే మౌలాబీ, రేపు వేడినీళ్ళు పోసుకోవచ్చు' అంది." మౌలాబీ మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుంది. "పోలీసాయన నన్ను ఇవేవీ అడగలేదమ్మా. పొద్దున ఎవరు ముందు చూశారు అని అడిగాడు. నేనే చూశానన్నా. పొమ్మన్నాడు."

రాగసుధ ఆ మాటలూ రాసుకుంది. గీజరు వేయగానే ట్రిప్ స్విచ్ పడిపోవడం ఆ ఇంట్లో జబ్బు కాదు. జబ్బుందని చెప్పే గొంతు అది. ఎవరో వచ్చి ఆ గొంతు నొక్కేశారు. జబ్బు నయమైందని టీచరు గారు సంతోషపడింది.

*

పదకొండు యాభై ఎనిమిదికి జీపు ఆగింది. అనీస్ వెనక శేషాచలం దిగాడు. అరవై దాటిన మనిషి, మడత నలగని తెల్ల చొక్కా, చేతిలో తోలు సంచి. గొంతు ఎప్పుడూ పెంచడు.

"బాగున్నావా రాగసుధా? టెస్ట్ బటన్ నొక్కావా?"

"నొక్కాను సార్. పడలేదు."

"మరి? చెడిపోయిన స్విచ్ పెట్టాడు, మనిషి పోయింది. ఇందులో డిటెక్టివ్ చేసే పనేముంది?"

"సోమవారం దాకా గీజరు వేసినప్పుడల్లా అది పడిందట సార్. చెడిపోయిన స్విచ్ ఎలా పడింది?"

"యంత్రం కదమ్మా. సోమవారం పనిచేసింది, గురువారం చేయలేదు. నీకు ఇది నేను కొత్తగా చెప్పాలా?"

"బుధవారం ఏం జరిగిందో చెబితే చాలు."

అనీస్ ఆమె వైపు చూశాడు. రాగసుధ మౌలాబీ ఫోన్‌లోని మెసేజీలు వినిపించింది. గులాబీ గీతలు చూపించింది. ఎనిమిదింటికి ఉన్నాయి, ఒక్కదానికి లేవు. బాత్‌రూములోకి తీసుకెళ్ళి జిగురు చారలు చూపించింది. అనీస్ వేలు పెట్టి చూసి, ఆ వేలిని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"దర్జీ మెసేజీలూ, గోళ్ళరంగూ," అన్నాడు శేషాచలం. "సీఐ గారూ, కోర్టులో నవ్వుతారు."

"ఈ ఇంటికి మీరు మొదట ఎప్పుడొచ్చారు సార్?" అంది రాగసుధ.

"గురువారం తొమ్మిదింటికి. ఆయన పిలిస్తే."

"అంతకు ముందు?"

"నన్ను విచారిస్తున్నావా?"

"అడుగుతున్నాను."

"అంతకు ముందు ఈ వీధి కూడా నాకు తెలీదు."

అనీస్ చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు. "మేడమ్, మీకు సూటిగా ఏం కావాలి?"

"ఆ ట్రిప్ స్విచ్ బయటికి తీయాలి సీఐ గారూ. మీ ముందరే. ఇది కోటేష్ పెట్టింది కాదని నా అనుమానం. పక్కలూ వెనకా చూస్తే తెలుస్తుంది."

"సాక్ష్యాన్ని ఊడదీయడానికి వీల్లేదు," అన్నాడు శేషాచలం. అని, ఒక క్షణం ఆగి, తనే మళ్ళీ అన్నాడు. "సరే. తర్వాత నామీద అనుమానం ఎందుకు? తీయనివ్వండి. రాగసుధే తీస్తుంది, చెయ్యి తిరిగిన పిల్ల. నేను మెయిన్ ఆపి వస్తాను."

అదే టైముకి స్టేషన్ నుంచి ఫోన్ వస్తే అనీస్ గేటు దాకా వెళ్ళాడు. రాగసుధ డీబీ ముందు స్టూలు వేసుకుంది. స్క్రూడ్రైవర్లు వరసగా పెట్టుకుంది. పన్నెండు నాలుగు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. పన్నెండు ఏడు. ఇంకా తిరుగుతోంది. పొద్దున తనకి పిడి లాగడానికి పట్టింది ఒక్క క్షణం. పన్నెండు పదకొండుకి ఫ్యాను నెమ్మదించి ఆగింది, ఫ్రిజ్ నోరు మూసింది.

శేషాచలం తిరిగొచ్చి ఒక చిన్న తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. "ఆపి తాళం కూడా వేశాను. చెవి నీ దగ్గరే ఉంచుకో. భయం లేకుండా పని చేసుకో."

అనీస్ ఫోన్ జేబులో పెట్టుకుంటూ లోపలికి వచ్చాడు.

రాగసుధ స్క్రూడ్రైవర్ తీసుకోలేదు. మీటర్ తీసింది. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య పెట్టింది. సున్నా.

"చూశావుగా," అన్నాడు శేషాచలం.

"ఇంకా రెండున్నాయి సార్."

"లైట్లు ఆరిపోయాయి, మీటర్ సున్నా చూపించింది. ఇంకేం కావాలి నీకు? సీఐ గారికి టైము లేదు."

ఆమె ఫేజ్ మీదున్న మీటర్ మొనని అలాగే ఉంచి రెండో మొనని ఎర్త్ పట్టీకి ఆనించింది. తెర మీద అంకెలు గబగబా కదిలి నిలబడ్డాయి. రెండు వందల ముప్పై ఒకటి.

రాగసుధ రెండు చేతులూ వెనక్కి తీసుకుంది. స్టూలు మీంచి దిగింది. గొంతు మామూలుగానే ఉంది.

"సీఐ గారూ, ఇలా వచ్చి ఈ అంకె చదవండి."

"రెండు ముప్పై ఒకటి. ఏంటది?"

"ఇంట్లో లైట్లన్నీ ఆరిపోయాయి. కానీ ఫేజ్ పోలేదు. న్యూట్రల్ ఒక్కటే తెగింది. తిరిగిపోయే దారి లేదు కాబట్టి లైటు వెలగదు, ఫ్యాను తిరగదు. మనిషి ముట్టుకుంటే ఆ దారి మనిషే అవుతాడు. నేను ఇందాక స్క్రూ మీద చెయ్యి పెట్టి ఉంటే మీరు ఇక్కడ ఇంకో పంచనామా రాయాల్సి వచ్చేది."

"పాత స్విచ్," అన్నాడు శేషాచలం. "లోపల ఒక వైపు అతుక్కుపోయి ఉంటుంది. జరుగుతూనే ఉంటుంది."

"పొద్దున మూడూ సున్నాలే సార్. పది ఇరవై ఆరుకి సీఐ గారికి ఫొటోలు పంపాను."

అనీస్ ఫోన్ తీసి చూసుకున్నాడు. తర్వాత మెట్ల కిందికి నడిచాడు. రాగసుధ తాళం తీసి, రబ్బరు చేతిగ్లవులు తొడుక్కుని, మెయిన్ స్విచ్ మూత తెరిచింది. అనీస్ టార్చి వేశాడు. పిడి కిందికే ఉంది. న్యూట్రల్ వైపు తెగే ఉంది. ఫేజ్ వైపు మాత్రం, పైనుంచి కిందికి, బెత్తెడు పొడవు రాగితీగ ముక్క బిగించి ఉంది. అది కొత్తది, మెరుస్తోంది. ఆ పెట్టె లోపల మిగతాదంతా నల్లబడిపోయి ఉంది. కింద నేలమీద, దుమ్ము పైన, అప్పుడే ఒలిచిన పసుపు తొడుగు పీలికలు రెండు పడి ఉన్నాయి.

"ఏడు నిమిషాలు ఏం చేశారు సార్ ఇక్కడ?" అంది రాగసుధ.

"పిడి బిగుసుకుపోయింది. మెల్లగా లాగాల్సి వచ్చింది. ఆ తీగ పొద్దున్నుంచీ ఇంట్లో ఒంటరిగా ఉన్న మనిషే పెట్టి ఉండొచ్చు కదా? ఎలక్ట్రీషియన్ని విడిపించడానికి డబ్బు తీసుకుంది ఆ అమ్మాయి. నేను కాదు."

"మీ సంచి చూపిస్తారా?" అన్నాడు అనీస్.

సంచిలో పసుపు వైరు చుట్ట ఒకటి ఉంది. దాని కొస కోసి ఉంది. "వైరు లేని ఇంజినీరు సంచి ఎక్కడైనా ఉంటుందా సీఐ గారూ?" అన్నాడు శేషాచలం. ఆ మాట తప్పనడానికి లేదు. అనీస్ చుట్ట వైపు, పీలికల వైపు, రాగసుధ వైపు మార్చి మార్చి చూశాడు. ఎవరిని నమ్మాలో ఆయనకింకా తేలలేదని రాగసుధకు అర్థమైంది.

"నన్ను నమ్మొద్దు. ఆయన్నీ నమ్మొద్దు," అంది. "లైన్‌మన్‌ని పిలిపించండి. స్తంభం దగ్గరే తెంచమనండి. అప్పుడు ట్రిప్ స్విచ్ తీద్దాం."

లైన్‌మన్ స్తంభం మీంచి దిగేసరికి పన్నెండు ముప్పై ఐదు. రాగసుధ ముందు మీటర్‌ని పరీక్షించింది. తర్వాత మూడు చోట్లా పెట్టింది. మూడు సున్నాలు. మళ్ళీ మీటర్‌ని పరీక్షించింది. ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు.

నాలుగు స్క్రూలు వదులు చేసి ట్రిప్ స్విచ్‌ని బయటికి లాగింది. ముందువైపు అది మామూలు స్విచ్చే. పక్కకి తిప్పింది. ఇంకో స్విచ్‌కి ఒరుసుకుని ఉండే వైపు ఒక స్టిక్కరు. ఎవరో గోటితో గీకారు, సగం వచ్చింది, సగం రాలేదు. రానంతమేర నీలం అక్షరాల్లో 'శేష సేఫ్...' అని ఉంది. దాని కింద 'తనిఖీ అయినది'. దాని కింద పెన్నుతో రాసింది, బి-3. పక్కన పొడి సంతకం.

ఆ సంతకం రాగసుధ ఆరేళ్ళపాటు రోజూ చూసింది.

ఆమె నోట్‌బుక్‌లోంచి అర్జీ తీసి, మడత విప్పి, స్విచ్ పక్కన పెట్టింది. అనీస్ రెండూ చదివాడు. రెండోసారి చదివాడు.

"హాస్టలుకి సర్టిఫికెట్ ఎవరిచ్చారో టీచరు గారికి చివరిదాకా తెలీదు," అంది రాగసుధ. "తెలిసుంటే ఆయనకి కాఫీ ఇచ్చేవారు కాదు. ఆ పిల్ల చనిపోయిన గది స్విచ్ ఇది. పారేస్తే ఎవరికైనా దొరకొచ్చు. ఇక్కడ బిగిస్తే అర్జీ పెట్టిన మనిషి పోతుంది, తప్పు కోటేష్‌దవుతుంది, స్విచ్ మీ స్టేషన్ సామాను గదిలోకి చేరుతుంది. కేసు మూసేశాక దాన్ని తిప్పి చూసేదెవరు?"

శేషాచలం మొదటిసారి కూర్చున్నాడు. మెట్టు మీద, చొక్కా నలుగుతుందని కూడా చూసుకోకుండా. "ఆ హాస్టల్లో నేను చూసినప్పుడు అన్నీ బాగానే ఉన్నాయి," అన్నాడు.

"చూశారా సార్?"

శేషాచలం తల దించుకున్నాడు. అనీస్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఓదార్పుగా వేసిన చెయ్యి కాదది.

రాగసుధ మాత్రం అతన్ని చూడటం లేదు. అర్జీ వైపే చూస్తోంది. మాయమైనవి రెండు. బి-3 తన చేతిలో ఉంది. సంతకాలు కూడా రెండు.

"సార్, బి-4 ఎక్కడుంది?"

శేషాచలం తలెత్తి గోడమీది గడియారం వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు. అప్పటికే రాగసుధ నంబరు నొక్కుతోంది.

అయిదు రింగులు. ఆరో రింగుకి ఒక ఆడపిల్ల ఎత్తింది. "ఎవరండీ?"

"నసీమున్నీసా గారి ఇల్లేనా? అమ్మ ఉన్నారా?"

"నేను షిరీన్, వాళ్ళమ్మాయినండి. అమ్మ స్నానానికెళ్ళింది. జీడిపిక్కల కంపెనీ నుంచి ఇప్పుడే వచ్చింది. వేడినీళ్ళు పోసుకుంటేగానీ చేతుల జిడ్డు పోదు."

"నీళ్ళు దేంతో కాస్తారమ్మా?"

"బకెట్లో హీటరు పెడతాం. ఎందుకండీ?"

"ఇంటికి ఈమధ్య ఎవరైనా వైరింగు చూడటానికి వచ్చారా?"

"నిన్న సాయంత్రం వచ్చారు. పెద్ద సారు. ఊరికే చూసిపెట్టారు. ట్రిప్ స్విచ్ పాతదైపోయిందని తీసేసి వేరేది పెట్టారు. హీటరు కూడా విప్పి చూశారు, ఏ టైములో వాడతామో అడిగారు."

రాగసుధ ఫోన్‌ని స్పీకర్‌లో పెట్టింది. మాట మాట విడగొట్టి చెప్పింది. "షిరీన్, ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. కారణం తర్వాత చెప్తాను. ముందు బాత్‌రూము తలుపు కొట్టు. నీళ్ళు ముట్టుకోవద్దని అమ్మకి గట్టిగా అరిచి చెప్పు. బకెట్టూ వద్దు, కుళాయీ వద్దు. ఉన్నచోటు నుంచి బయటికి వచ్చేయమను. తర్వాత మెయిన్ ఆపు. ఆపినా సరే, లైటు పోయినా సరే, ఆ బకెట్ దగ్గరికి ఎవరూ వెళ్ళొద్దు. పరుగెత్తు."

ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడు. అడుగుల చప్పుడు. తలుపు మీద అరచేత్తో కొట్టడం, "అమ్మీ! అమ్మీ!" అనే కేక. తర్వాత ఏదో ఇత్తడి సామాను నేలమీద పడి దొర్లింది. ఆ తర్వాత ఏమీ లేదు.

అనీస్ ఫోన్ మీదికి వంగాడు. శేషాచలం అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేలను చూస్తున్నాడు. రాగసుధ వాచీలో సెకన్ల ముల్లు చూసింది. పదకొండు. పద్నాలుగు. పంతొమ్మిది. ఇంత సేపట్లో ట్రిప్ స్విచ్ అరవైసార్లు పడొచ్చు అన్న ఆలోచన వచ్చింది, దాన్ని పక్కకి నెట్టింది.

ఇరవై ఆరో సెకనుకి దూరంగా ఒక గొంతు వినిపించింది. పెద్ద గొంతు, కోపంగా ఉంది. మాటలు తెలియలేదు.

ఫోన్ దగ్గరికి ఎవరో రొప్పుకుంటూ వచ్చారు.

"అమ్మ బయటికొచ్చేసిందండీ. చెంబు ముంచబోతుంటే అరిచానంట, చేతిలోంచి జారిపోయింది. మెయిన్ ఆపేశా. తడి గుడ్డల్తో నిలబడి నన్ను తిడుతోందండీ."

"తిట్టనివ్వమ్మా," అంది రాగసుధ. స్టూలు మీద కూర్చుంది. ట్రిప్ స్విచ్‌ని ఒళ్ళో పెట్టుకుంది. "తిట్టనివ్వు. నేనూ, సీఐ గారూ బయల్దేరుతున్నాం. మేం వచ్చేదాకా ఆ స్విచ్‌ని ఎవరూ ముట్టుకోవద్దు."

"అసలేమైందండీ? మీరెవరు?"

రాగసుధ తన ఒళ్ళో ఉన్న ట్రిప్ స్విచ్‌ని చూసింది. ఈ మాట ఫోన్లో చెప్పేది కాదు. కానీ ఆ పిల్ల అడిగింది.

"మీ అక్క గదిలో మాయమైన స్విచ్ దొరికిందమ్మా," అంది. "దాన్ని తీసిన మనిషి కూడా ఇక్కడే ఉన్నాడు."